నుసి బొగ్గుకు గుళిక రూపం: కొలిమికి పనికివచ్చేదెంత, వర్తకుడికి మిగిలేదెంత?

బొగ్గు వ్యాపారంలో నుసికి ఎప్పుడూ చులకనే. రేవు యార్డులో జల్లెడ పట్టినప్పుడు పైన నిలిచిన ముక్క బొగ్గుకు బేరం కుదరడం ఎంతోసేపు పట్టదు. కిందికి జారిన నుసి మాత్రం సిమెంటు ఫ్యాక్టరీకో, బాయిలర్లకో, ఇటుక బట్టీలకో వచ్చిన ధరకు పోవలసిందే. వానాకాలంలో అది కూడా కదలదు. పైన గాలికి ఎగిరిపోతుంది, కింద బురదై కూర్చుంటుంది, నడుమ వేడెక్కి పొగలు కక్కుతుంది. గని యజమానికీ, దిగుమతిదారుకీ, యార్డు వర్తకుడికీ నుసి అంటే తలనొప్పి సరకే.

ఈ నుసిని గుళికలుగా చుట్టి ఉక్కు పరిశ్రమకు అమ్మితే ముక్క బొగ్గు ధర వస్తుందన్నది యంత్రాలు అమ్మేవారు చెప్పే మాట. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే ఏ కొలిమికి, ఏ నుసితో, ఏ జిగురుతో అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరకకుండా అడ్వాన్సు చెల్లించడం మాత్రం సాహసమే అవుతుంది.

బ్లాస్ట్ ఫర్నేస్ సంగతి వేరు

ముందుగా ఒక అపోహ తొలగాలి. పచ్చి బొగ్గు గుళికను తీసుకువెళ్లి బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్‌కు బదులు వేయడం కుదరదు. అక్కడ కోక్ చేసే పనులు మూడు. మండి వేడి ఇస్తుంది; ఖనిజంలోని ప్రాణవాయువును లాగే వాయువును పుట్టిస్తుంది; అన్నింటికీ మించి, తనపై పడిన ఖనిజం బరువునంతా మోస్తూ, తన ముక్కల సందుల్లోంచి వాయువును పైకి పోనిస్తుంది. మొదటి రెండు పనులకు మరో ఇంధనం దొరుకుతుంది. మూడో పనికి దొరకదు. బొగ్గు గుళిక వేడి తగలగానే పొగ వదులుతుంది. కోకింగ్ జాతి బొగ్గయితే 350 నుంచి 500 డిగ్రీల మధ్య మెత్తబడి ముద్దవుతుంది, ఆ జాతి కాకపోతే చితికి మళ్లీ నుసే అవుతుంది. ఏదైనా కొలిమికి ఊపిరాడదు.

పైగా బ్లాస్ట్ ఫర్నేస్ వారికి నుసిని వాడుకునే దారి మరొకటి ఉన్నది. బొగ్గును మెత్తగా పిండి చేసి, వేడి గాలి గొట్టాల గుండా నేరుగా కొలిమి అడుగుభాగంలోకి ఊదడం. టన్ను ఇనుముకు 100 నుంచి 200 కిలోల దాకా ఇలా ఊదే కర్మాగారాలున్నాయి. పిండి చేయడమే అక్కడ పద్ధతి కాబట్టి గుళిక కట్టిన ఖర్చుకు పైసా విలువ ఉండదు.

బ్లాస్ట్ ఫర్నేస్ దారిలో నుసి ముద్దలకు అసలైన చోటు కోక్ ఓవెన్. బలహీనమైన కోకింగ్ బొగ్గు నుసిని కొంత జిగురుతో ముద్దలుగా ఒత్తి, మిగతా పొడి బొగ్గుతో కలిపి ఓవెన్‌లోకి పోసే విధానాన్ని జపాన్ ఉక్కు కర్మాగారాలు 1970లలో అమలులోకి తెచ్చాయి. మొత్తంలో ముద్దల వాటా సుమారు 30 శాతం. ఇందులో కిటుకు సాంద్రతలో ఉన్నది. వదులుగా పోసిన బొగ్గు ఘనమీటరుకు 750, 800 కిలోలకు మించి పట్టదు. గింజలు దగ్గరగా ఒత్తుకుంటే కరిగే వేళ ఒకదానికొకటి బాగా అతుక్కుంటాయి. తక్కువ రకం బొగ్గుతోనే గట్టి కోక్ వస్తుంది. మన దేశంలో టాటా స్టీల్ 1980ల చివర ఇదే ప్రయోజనం కోసం మరో మార్గం పట్టింది. ఓవెన్‌లోకి పంపే ముందు మొత్తం బొగ్గునే పెద్ద దిమ్మలా దిమ్మెసతో కొట్టినట్టు కుదించడం. అలా చేస్తే సాంద్రత 1,100 కిలోల దరిదాపుకు చేరుతుంది. ఈ రెండూ కర్మాగారం ప్రహరీ లోపల జరిగే పనులు. బయటి వర్తకుడికి ఇందులో దక్కేది బొగ్గు సరఫరా వరకే.

ఝరియా బొగ్గుకు బూడిద ఎక్కువ కావడం వల్ల మన ఉక్కు కర్మాగారాలు ఏటా 5 కోట్ల టన్నులకు పైగా కోకింగ్ బొగ్గు దిగుమతి చేసుకుంటున్నాయి. విశాఖ ఉక్కు కర్మాగారం మొదటి నుంచీ ప్రధానంగా దిగుమతి బొగ్గు మీదనే ఆధారపడినది. విదేశీ మారకంతో కొన్న సరకులో ఒక్క టన్ను నుసి గాలికి పోయినా నష్టమే కనుక, పొడిని ముద్ద చేసే పద్ధతులన్నింటికీ మూలం ఈ దిగుమతి బిల్లులోనే ఉన్నది.

పోహాంగ్‌లో కుదిరిన పద్ధతి

పచ్చి బొగ్గు ముద్దలు నేరుగా ఇనుము కరిగించే కొలిమిలోకి పెద్ద ఎత్తున వెళుతున్న చోటు దక్షిణ కొరియాలోని పోహాంగ్. పోస్కో సంస్థ అక్కడ ఫైనెక్స్ అనే పద్ధతిలో 2007లో ఏటా 15 లక్షల టన్నుల కర్మాగారాన్నీ, 2014లో 20 లక్షల టన్నుల కర్మాగారాన్నీ ప్రారంభించింది. దీనికి ముందుతరం కోరెక్స్. ఆ పద్ధతి 1989లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలోనూ, 1999లో కర్ణాటకలోని తోరణగల్లులోనూ ఉత్పత్తిలోకి వచ్చింది. కోరెక్స్‌కు కోక్ ఓవెన్లు అక్కరలేదన్న మాట నిజమే గాని, ముక్క బొగ్గు కావాలి. ముక్క బొగ్గు కొని, జల్లించి, మిగిలిన నుసిని ఎక్కడ పెట్టాలా అని తల పట్టుకోవలసిన పరిస్థితి. పోస్కో ఇంజనీర్లు ఆ ముడిని మరో చివర నుంచి విప్పారు: బొగ్గును నుసిగానే కొని, జిగురు కలిపి, రోలర్ల మధ్య దిండు ఆకారంలో ఒత్తి కొలిమికి పంపారు.

అక్కడి జిగురు చక్కెర మిల్లుల నుంచి వచ్చే మొలాసిస్. దానికి తోడు సున్నం. సున్నం మొలాసిస్‌లోని చక్కెరతో కలిసి గట్టిపడటమే కాక బొగ్గులోని తేమను కూడా తాగేస్తుంది. ఈ ముద్దకు అసలు పరీక్ష యార్డులో కాదు, కొలిమి పైభాగంలో. దాదాపు 1,000 డిగ్రీల వేడిలోకి ఒక్కసారిగా పడినప్పుడు పేలాల్లా చిట్లిపోకుండా ముద్ద ముద్దగానే మాడాలి. చల్లగా ఉన్నప్పుడు రాయిలా ఉన్న గుళికలు వేడికి చిట్లిపోయిన సందర్భాలకు కొదవ లేదు. కాబట్టి చేతితో నొక్కి చూసి 'గట్టి సరకే' అని తేల్చడం ఈ వ్యాపారంలో చెల్లదు.

ఖనిజం పొడినీ బొగ్గు పొడినీ కలిపే గుళికలు కట్టే పద్ధతి మరొకటి ఉన్నది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మెసాబి నగ్గెట్ అనే కర్మాగారం 2010లో ఈ పద్ధతిన ఇనుప ముద్దలు తీయడం మొదలుపెట్టింది. బజారులో ఇనుము ధరలు పడిపోవడంతో 2015లో పని ఆపేసింది. యంత్రం నడవడం ఒక ఎత్తు. పడిన మార్కెట్లో నిలవడం మరో ఎత్తు.

స్పాంజి ఐరన్ బట్టీలే మన గిరాకీ

మన వర్తకులకు దగ్గరి కొనుగోలుదారు స్పాంజి ఐరన్ పరిశ్రమ. మన దేశంలో స్పాంజి ఐరన్ ఉత్పత్తి 2024లో 5 కోట్ల టన్నులు దాటింది. అందులో సింహభాగం బొగ్గుతో నడిచే రోటరీ బట్టీలదే. ఈ మార్గానికి మొదటి అడుగు పడినది తెలుగునేల మీదనే అన్నది గమనార్హం. ఖమ్మం జిల్లా పాల్వంచలో (ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) సింగరేణి బొగ్గుతో స్పాంజి ఐరన్ చేయవచ్చునా అని తేల్చేందుకు ఏర్పాటైన ప్రభుత్వ రంగ కర్మాగారం 1980లో ఏటా 30 వేల టన్నుల శక్తితో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2010లో ఆ సంస్థ ఎన్.ఎం.డి.సి.లో విలీనమైంది. కోకింగ్ గుణం లేని బొగ్గు కూడా ఇనుముకు పనికివస్తుందని అక్కడ రుజువైన తరువాతనే బళ్లారి, రాయపూర్ వైపు బట్టీలు పుట్టగొడుగుల్లా వెలిశాయి.

ఈ బట్టీలకు ఖనిజంతో పాటు వేసే బొగ్గు సాధారణంగా 5 నుంచి 20 మిల్లీమీటర్ల ముక్కలుగా ఉండాలి. బట్టీ రెండో చివర నుంచి కొంత సన్న బొగ్గును విసురుతారు గాని, దానికీ మోతాదు ఉన్నది. నుసి ఎక్కువైతే పొగతో పాటు కొట్టుకుపోయి వెనుక గదిలో మండుతుంది. లేదా బూడిద కరిగి బట్టీ లోపలి గోడకు వలయంలా పేరుకుంటుంది. ఆ వలయం పెరిగితే బట్టీ ఆపి, చల్లార్చి, పగలగొట్టవలసిందే. అన్ని రోజుల ఉత్పత్తి పోయినట్టే. అందుకే బట్టీ యజమాని ముక్క బొగ్గుకు అధిక ధర పెట్టడానికి వెనుకాడడు. దక్షిణాఫ్రికా బొగ్గు గంగవరం, విశాఖ రేవుల్లో దిగి, జల్లెడ పట్టి, లారీల్లోనూ రేకుల్లోనూ లోపలికి పోవడం వెనుక ఉన్న కారణం ఇదే. జల్లెడ కింద మిగిలిన నుసిని గుళిక చేసి అదే బట్టీకి అమ్మగలిగితే లాభమే. అయితే ఆ గుళిక బట్టీలో దొర్లుతూ కొన్ని గంటలు నిలవాలి. దానిలోని జిగురు బూడిద కరిగే వేడిని తగ్గించకూడదు.

జిగురులోనే గుట్టు

నుసిని గుండ్రటి గుళికగా చుట్టాలంటే వంపుగా తిరిగే పళ్లెంలో నీరు చల్లుతూ దొర్లించాలి. పిండిలాంటి నుసికే ఇది సాగుతుంది. బొగ్గుకు నీరంటే గిట్టదు. ఇనుప ఖనిజం చుట్టుకున్నంత తేలిగ్గా చుట్టుకోదు. వాషరీ నుంచి వచ్చే అతి సన్నటి మడ్డి బొగ్గుకు పళ్లెం సరిపోవచ్చు. యార్డు జల్లెడ కింద రాలే 0-5 మిల్లీమీటర్ల నుసికి సరిపోదు. దాన్ని 3 మిల్లీమీటర్ల లోపుకు దంచి, రోలర్ ప్రెస్‌లో బ్రికెట్లుగా ఒత్తాలి. వ్యాపారంలో రెండింటినీ 'గుళికలు' అనే అంటున్నారు గనుక, యంత్రం కొనేవారు ఏది కొంటున్నారో ముందే తేల్చుకోవడం అవసరం.

జిగురుల్లో పాతది కోల్‌తారు పిచ్. బ్రిటన్‌లోని కార్డిఫ్, స్వాన్సీ రేవుల నుంచి ఒకప్పుడు ఓడల కొద్దీ ఎగుమతి అయిన 'పేటెంట్ ఫ్యుయల్' దిమ్మలు పిచ్‌తో కట్టినవే. పిచ్ కూడా కర్బనమే కనుక బూడిద పెంచదు, వానకు కరగదు. ధర ఎక్కువ; దాని పొగ ఆరోగ్యానికి హాని అని తేలడంతో పనివారి రక్షణ ఖర్చు కూడా పెరిగింది. సిమెంటు, బంకమట్టి చౌకే గాని అవి బూడిదకు బూడిద చేరుస్తాయి. సోడియం సిలికేట్ రాయిలా బిగుస్తుంది; అందులోని సోడియం బూడిదను త్వరగా కరిగించి బట్టీలో వలయాలకు దారి తీస్తుంది. బట్టీ యజమాని తిప్పి పంపే సరకు చాలావరకు ఇటువంటిదే.

మొలాసిస్ మధ్యేమార్గం. కొద్దిగా బూడిద, కొద్దిగా పొటాషియం తప్ప పెద్ద హాని లేదు. తోడుగా వేసే సున్నం గంధకాన్ని పట్టేందుకు బట్టీలో ఎలాగూ కావలసినదే. చిక్కల్లా వాన. సున్నం సరిగ్గా కలవని మొలాసిస్ గుళిక ఒక్క జల్లుకు పాకంలా జారిపోతుంది. రెండో చిక్కు ధర. డిస్టిలరీలూ ఇథనాల్ కర్మాగారాలూ ఇదే సరకు కోసం పోటీపడుతున్నందున, చెరకు తగ్గిన సంవత్సరం జిగురు ఖర్చు ఎక్కడికి పోతుందో ముందుగా చెప్పడం కష్టం. 2023 అక్టోబరులో మొలాసిస్‌పై జి.ఎస్.టి.ని 28 శాతం నుంచి 5 శాతానికి తగ్గించాలని కౌన్సిల్ నిర్ణయించడం కొంత ఊరట.

జిగురు అక్కరలేని బొగ్గు కూడా ఉన్నదన్న సంగతి పాత వర్తకులకు గుర్తుండే ఉంటుంది. తమిళనాడులోని నైవేలీలో లిగ్నైట్‌ను ఒత్తిడితోనే దిమ్మలు చేసి, కాల్చి, 'లెకో' పేరుతో పొగరాని వంట ఇంధనంగా అమ్మేవారు. లిగ్నైట్ మెత్తన కాబట్టి అది కుదిరింది. ఆ విభాగం కూడా తరువాతి కాలంలో మూతపడింది. రాతిలాంటి సింగరేణి బొగ్గుకూ, దక్షిణాఫ్రికా బొగ్గుకూ ఆ సౌకర్యం లేదు.

తేమ తినేసే లాభం

ఇక లెక్క. కింది ధరలు లెక్క తెలియడానికి వేసుకున్నవే గాని నేటి బజారు ధరలు కావు. పన్నులు ఇందులో కలపలేదు.

నుసి టన్ను రూ. 4,000 చొప్పున 100 టన్నులు కొన్నారనుకుందాం. ఒప్పందంలో తేమ 10 శాతం. అంటే చేతికి వచ్చే పొడి బొగ్గు 90 టన్నులు. పొడి టన్ను ధర రూ. 4,444. యార్డులో వాన పడి తేమ 16 శాతం అయితే పొడి బొగ్గు 84 టన్నులే. టన్ను ధర రూ. 4,762. కాటా మీద రెండూ 100 టన్నులే. తేడా రూ. 318 నీళ్లకు పెట్టిన డబ్బు.

టన్ను గుళికలో 900 కిలోల నుసి (6 శాతం తేమకు ఆరబెట్టినది), 80 కిలోల మొలాసిస్, 20 కిలోల సున్నం అనుకుంటే, అందులో పొడి బొగ్గు 846 కిలోలు. మొదటి సరకుతో దాని ఖరీదు రూ. 3,760. మొలాసిస్ కిలో రూ. 10 చొప్పున రూ. 800, సున్నం కిలో రూ. 8 చొప్పున రూ. 160. ఆరబెట్టడం, కరెంటు, కూలి, రోలర్ల అరుగుదల, వడ్డీ కలిపి రూ. 900. మొత్తం రూ. 5,620. నూటికి 5 గుళికలు పగిలి మళ్లీ ప్రెస్‌కు పోతే వాటిపై పెట్టిన జిగురు, కూలి రూ. 93 అదనం. వెరసి రూ. 5,713. ముక్క బొగ్గు ధర రూ. 6,500 ఉన్న రోజున కొనుగోలుదారు గుళికకు రూ. 400 తగ్గించి రూ. 6,100 ఇచ్చాడనుకుంటే మిగిలేది రూ. 387. అదే తడి సరకుతో చేస్తే పొడి బొగ్గు ఖరీదే రూ. 4,029 అవుతుంది, మిగిలేది రూ. 118. అదనపు నీటిని ఆవిరి చేసే ఖర్చు ఇందులో ఇంకా కలపలేదు. నూరు టన్నుల తడి సరకును 6 శాతానికి తేవాలంటే సుమారు 10.6 టన్నుల నీరు పోవాలి. కిలో నీటికి డ్రయ్యర్ నష్టాలతో కలిపి 1,000 కిలో కేలరీలు అనుకుంటే, 5,000 కేలరీల బొగ్గు రెండు టన్నులకు పైగా కాల్చాలి.

ఈ లెక్కలో అన్నిటికంటే కదలిక ఎక్కువ ఉన్నది ముక్క బొగ్గుకూ నుసికీ మధ్య ఉన్న రూ. 2,500 తేడాలోనే. సముద్రపు కిరాయిలు తగ్గి ముక్క బొగ్గు చవకైన నెలలో ఆ తేడా కుంచించుకుపోతుంది. జిగురు, కరెంటు, వడ్డీ మాత్రం తగ్గవు. కొత్తగా ప్రెస్ పెట్టదలచినవారు మంచి నెల ధరతో కాక, గడచిన రెండు మూడేళ్లలో ఆ తేడా అతి తక్కువగా ఉన్న నెల ధరతో ఈ లెక్క వేసి చూడడం మేలు.

నివేదికలో రెండు భాషలు

తేమతో ముడిపడిన మరో మెలిక ప్రయోగశాల నివేదికలో ఉన్నది. బూడిద, కేలరీలు రెండు రకాలుగా చెబుతారు. గాలికి ఆరిన నమూనాపై లెక్క ఒకటి, దాన్ని ఏ.డి.బి. అంటారు, సరకు అందినది అందినట్టుగా లెక్క మరొకటి, ఏ.ఆర్.బి. అంటారు. గాలికి ఆరాక 6 శాతం తేమ మిగిలిన నమూనాలో బూడిద 25 శాతం అనుకుందాం. 16 శాతం తేమతో యార్డులో పడి ఉన్న అదే సరకులో ఏ.ఆర్.బి. పద్ధతిన బూడిద 22.3 శాతమే కనబడుతుంది. సరకు మెరుగుపడలేదు, నీళ్లు కలిశాయి. కేలరీల దగ్గర ఇదే తిరగబడుతుంది: 5,000 కాస్తా 4,468 అవుతుంది. బూడిద ఒక పద్ధతిలోనూ, కేలరీలు మరో పద్ధతిలోనూ చూపిన ఆఫర్ వస్తే బ్రోకరు అక్కడే ఆగి అడగాలి.

పన్ను మార్పు

2025 సెప్టెంబరు 21 వరకు బొగ్గుపై 5 శాతం జి.ఎస్.టి., దానిపైన టన్నుకు రూ. 400 పరిహార సెస్సు ఉండేవి. 22వ తేదీ నుంచి సెస్సు పోయి జి.ఎస్.టి. 18 శాతమైంది. రేటు మూడింతలు దాటిందని కొందరు గాభరా పడ్డారు గాని, చవక సరకు విషయంలో లెక్క వేరు. టన్ను రూ. 2,000 నుసిపై పాత పద్ధతిలో పన్ను రూ. 500, కొత్త పద్ధతిలో రూ. 360. రూ. 4,000 నుసిపై పాతది రూ. 600, కొత్తది రూ. 720. అయితే పాత సెస్సు జమను సెస్సుకే వాడాలి. స్పాంజి ఐరన్‌పై సెస్సు లేనందున ఆ రూ. 400 నేరుగా ఖర్చులోకి పోయేది. కొత్త 18 శాతం మొత్తం జమకు వస్తుంది. బొగ్గు బ్రికెట్లు కూడా బొగ్గు శీర్షిక 2701 కిందివే కాబట్టి కొనుగోలు, అమ్మకం రెండూ ఒకే రేటు. పెట్టుబడి కొన్నాళ్లు పన్నులో ఇరుక్కుంటుంది; దాని వడ్డీ మాత్రం లెక్కలో వేసుకోవాలి.

ఒప్పందంలో రాయవలసినవి

గుళికల బేరంలో బొగ్గు షరతులు మాత్రమే రాసుకుంటే చాలదు. రెండు మీటర్ల ఎత్తు నుంచి ఇనుప పలక మీద ఇన్నిసార్లు వదిలితే 10 మిల్లీమీటర్ల పైన ఎంత శాతం నిలవాలి. నీటిలో ఒక రోజంతా నానిన తరువాత ఎంత నిలవాలి. జిగురు ఏది, ఎంత. బూడిద కరిగే వేడి ఎంత. ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. తగాదాలన్నీ వచ్చేది ఈ అంకెలను ఎక్కడ కొలవాలన్న దగ్గరే. అమ్మకందారు లోడింగ్ దగ్గర అంటాడు, కొనుగోలుదారు దింపిన చోట అంటాడు. లారీ ఎక్కించేటప్పుడు ఒకసారి, దింపేటప్పుడు ఒకసారి, నడుమ 300 కిలోమీటర్ల కుదుపులు. ఫ్యాక్టరీ గేటు దగ్గర 3 శాతం ఉన్న నుసి బట్టీ గేటుకు చేరేసరికి 10 శాతం కావడం వింతేమీ కాదు. దింపిన చోట జల్లించి, దారిలో విరిగిన నుసి ఇంత శాతం దాటితే టన్నుకు ఇంత తగ్గింపు అని ముందే రాసుకుంటే ఇద్దరికీ తలనొప్పి ఉండదు. నమూనాను మూడు సంచులుగా కట్టి, సీలు వేసి, ఒకటి మూడో పక్షం దగ్గర ఉంచడం బొగ్గు వ్యాపారంలో ఉన్న ఆనవాయితీయే. గుళికలకూ అది వర్తిస్తుంది. కాకపోతే సంచిని విసిరేయకుండా, డబ్బాలో పెట్టి భద్రపరచాలి. విరిగిన నమూనాతో విరుగుడు పరీక్ష చేయడం కుదరదు.